పరీక్ష క్యూబుకి, కాపురం స్లాబు కింద

మన దేశంలో అన్నిటికన్నా గట్టి కట్టడం ఏదంటే ఆనకట్టలూ కోటలూ చెప్పేవాళ్లు పనుల బిల్లుల ఫైలు ఒక్కటీ తిరగేసి ఉండరు. ఆ గౌరవం న్యాయంగా దక్కాల్సింది కాంక్రీటు క్యూబుకి. ఏ వైపు కొలిచినా 150 మిల్లీమీటర్లు, తూకం ఎనిమిది కిలోలు. ఎం20 రకమైతే 28వ రోజున యంత్రంలో పెట్టి నొక్కినప్పుడు దాదాపు 46 టన్నుల దాకా ఓర్చుకోవాలి. ఓర్చుకుంటుంది కూడా. బడి గది కప్పు పెచ్చులూడుతున్నా, కల్వర్టు నెర్రెలిచ్చినా, ఫైల్లో మాత్రం క్యూబు పాసయ్యే ఉంటుంది. ఇందులో అబద్ధం ఉందని నేననను. పరీక్ష జరిగింది, ఫలితం వచ్చింది, సంతకం పడింది. కాకపోతే పరీక్ష రాసినవాడొకడు, ఉద్యోగం చేస్తున్నవాడొకడు.

క్యూబుకి జరిగే మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగదు. అచ్చుకి నూనె రాస్తారు. మూడు పొరలుగా కాంక్రీటు నింపి, పొరకి 35 పోట్లు పొడుస్తారు. ఒక రోజు తడిగోనె కప్పి ఉంచి, అచ్చు విప్పి, 27 డిగ్రీల అటూ ఇటూ ఉండే నీళ్ల తొట్టిలో పరీక్ష రోజుదాకా జలకాలాడిస్తారు. అదే మిల్లరులోంచి వచ్చిన స్లాబు సంగతి చూడండి. మన నిబంధనల పుస్తకం ఐఎస్ 456 ప్రకారం ఎం20కి నీళ్లూ సిమెంటూ నిష్పత్తి 0.55 దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకి, ఇసుకలో ఉన్న తడితో సహా, 27 లీటర్ల చిల్లర. నీళ్లు పెరిగేకొద్దీ బలం తరుగుతుందని డఫ్ అబ్రామ్స్ షికాగోలో 1918లోనే తేల్చాడు. పని సాఫీగా జారాలని మేస్త్రీ ఇంకో బకెట్టు గుమ్మరిస్తాడు, ఆ బకెట్టుకి గీతలుండవు. ఇక తడి విషయం. ఎండా పొడిగాలీ ఉన్నచోట పది రోజులు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటు వాడితే 14 రోజులు తడి ఆరకూడదని అదే పుస్తకం చెబుతుంది. మన కొట్లలో దొరికే బస్తాల్లో ఎక్కువ పీపీసీయే. మే నెలలో 14 రోజులు మడికట్టి నీళ్లు నిలిపిన స్లాబులెన్నో మీ వీధిలోనే లెక్కపెట్టుకోవచ్చు, ఒక చెయ్యి చాలు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు అయిదంగుళాల మందాన వేస్తే పట్టేది సుమారు 11,800 లీటర్ల కాంక్రీటు. దానికి నిబంధన అడిగే రెండు శాంపిళ్లు, అంటే ఆరు క్యూబులు, పట్టేది 20 లీటర్లు. ఆ 20 లీటర్లు జలకాలాడినందుకు తక్కిన 11,780 లీటర్లకీ ధ్రువపత్రం.

ప్రపంచమంతా క్యూబో సిలిండరో నొక్కే చూస్తుంది, మీకే కొత్తగా అనుమానమా అని ఇంజనీర్లు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. క్యూబు పుట్టిందే ఆ మిశ్రమం సక్రమంగా చూసుకుంటే ఎంత బలం పుంజుకోగలదో చెప్పడానికి. ఆ పని అది నిజాయితీగానే చేస్తుంది. ఆ మిశ్రమాన్ని మనం సక్రమంగా చూసుకున్నామా లేదా అన్నది దాన్ని అడగకూడదు, అడిగినా అది చెప్పలేదు. పైగా ఆ ఒక్క అంకె మీదే బిల్లు ఆధారపడినప్పుడు అంకెను బాగుచేయడం కట్టడాన్ని బాగుచేయడం కన్నా చవక. ఈ విద్య మనకొక్కరికే వచ్చని గర్వపడనక్కర్లేదు. హాంకాంగ్-జుహాయ్-మకావ్ వంతెన పనుల్లో కాంక్రీటు పరీక్షల నివేదికలు తారుమారు చేశారన్న అనుమానంతో హాంకాంగ్ అవినీతి నిరోధక సంస్థ 2017లో 21 మందిని అరెస్టు చేసింది. గడువులో చేయని పరీక్షలను చేసినట్టు చూపడానికి యంత్రంలో సమయం మార్చారనీ, క్యూబు బదులు లోహపు దిమ్మనో, బాగా గట్టి కాంక్రీటు దిమ్మనో పెట్టి నొక్కారనీ ఆరోపణ. తర్వాత కొందరికి శిక్షలూ పడ్డాయి. అంత సముద్రం మీద అంత వంతెన కట్టేచోటే దొంగ అభ్యర్థి హాలులోకి వెళ్లగలిగితే, మన మండలంలో హాల్‌టికెట్టు అడిగేదెవరు?

అయితే కట్టడాన్నే పరీక్షించమంటే వెంటనే ఒక సున్నితమైన మనసు బయటపడుతుంది. స్లాబుకి చిల్లులు పెడతారా అని కాంట్రాక్టరు కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఆ చిల్లుల పద్ధతి అదే ఐఎస్ 456లో ఉంది. అనుమానం వస్తే కనీసం మూడు కోర్లు, అంటే కట్టడంలోంచి తొలిచిన గుండ్రటి ముక్కలు, తీయాలి. వాటి సగటు అనుకున్న బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. అంటే అసలు కట్టడం క్యూబంత బాగుండదని పుస్తకం ముందే ఊహించి 15 మార్కులు గ్రేసు ఇచ్చేసింది. అదీ చాలదని మనం పరీక్షే మానేశాం. చిల్లు పడకుండా సుత్తితో తట్టి చూస్తే చాలదా అంటే, రీబౌండు సుత్తి చెప్పే బలం పాతిక శాతం అటూ ఇటూ ఉండవచ్చని దాని ప్రమాణమే ఒప్పుకుంది. ఎక్కడ అనుమానించాలో సుత్తి చెబుతుంది, అనుమానం తీర్చాల్సింది కోరు.

ఇక ఆఖరి అస్త్రం ఒకటుంది: ఇన్ని ఇళ్లు నిలబడే ఉన్నాయి కదా! ఉన్నాయి. అవి నిలబడింది డిజైనులో కాంక్రీటుకి 1.5, బరువులకి 1.5 అని వేసే భద్రతా గుణకాల పుణ్యాన. ఎవరూ ఊహించలేని గండాల కోసం దాచిన ఆ నిల్వను, అందరూ ఊహించిన నిర్లక్ష్యానికే ఖర్చు పెట్టేస్తున్నాం. అసలు గండం వచ్చిన రోజున డబ్బా ఖాళీ. అదీగాక బలం ఒక్కటే నాణ్యత కాదు. గురుగ్రామ్‌లో చింటెల్స్ పారడైసో అపార్టుమెంటులో 2022 ఫిబ్రవరిలో అంతస్తుల మీద అంతస్తులు కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. కాంక్రీటులో క్లోరైడు మితిమీరి ఊచలు తుప్పుపట్టాయని ఢిల్లీ ఐఐటీ తేల్చింది. ఆ జబ్బు క్యూబుని నొక్కితే బయటపడేది కాదు. తుప్పు పట్టడానికి క్యూబులో ఊచే ఉండదు.

కాబట్టి క్యూబుని తీసేయమని నేననను, దానికి ఒంటరి అధికారం తీసేయమంటాను. శాంపిలు మిల్లరు దగ్గర ముచ్చటగా కలిపిన తొలి తట్టలోంచి గాక, స్లాబు మీద పోస్తున్నచోట, ఎప్పుడని ముందే చెప్పకుండా తీయాలి. తీసేవాడి జీతం కాంట్రాక్టరు చేతిలో ఉండకూడదు. పక్కనే రెండు క్యూబులు అదనంగా పోసి, తొట్టిలో వేయకుండా స్లాబుతోపాటే అదే ఎండలో, అదే తడిలో ఉంచాలి. తొట్టి క్యూబుకీ ఎండ క్యూబుకీ మధ్య తేడా ఎంతో బిల్లు మీద రాయాలి. ఎటూ కాంక్రీటు రేటులోనే క్యూరింగూ కలిసి ఉంటుంది గనక, ఆ తేడా మేరకు డబ్బు కోసేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పాత సంతకం చేసే చెయ్యి చాలు. ఇదంతా మరీ కష్టమంటే ఇంకో దారుంది: పాసైన క్యూబులు ఇన్ని పేరుకున్నాయి కదా, ఇళ్లు వాటితోనే పేర్చుకుందాం.