అర్ధరాత్రితో గడువు ముగిసే మాస్టర్స్ డిగ్రీ

కంప్యూటరును ఛేదించే శ్రమ పడకుండా, దాని ముందు కూర్చున్న మనిషిని తొందరపెట్టి, భయపెట్టి, ఆశపెట్టి అతని చేతనే తలుపు తీయించే మోసానికి సైబర్ భద్రతా శాస్త్రంలో సోషల్ ఇంజనీరింగ్ అని పేరు. ఈ శాస్త్రాన్ని ఆన్‌లైన్ మాస్టర్స్ డిగ్రీగా బోధించే చోట ఈ మోసానికి తప్పకుండా ఒక పాఠం కేటాయించి, అందులో మోసపు సందేశపు లక్షణాలను ఏకరువు పెడతారు: పెద్ద సంస్థ పేరును ముందు నిలపడం, అవకాశం కొద్దిమందికేనని ఊరించడం, గడువు ఈ రాత్రితో సరి అని తరమడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకొనే వ్యవధి కూడా ఇవ్వకుండా డబ్బు కట్టించడం. అయితే చాలామంది విద్యార్థులు ఆ పాఠం దాకా వచ్చేది ఈ నాలుగు లక్షణాలూ పుష్కలంగా ఉన్న ఒక ఫోన్ కాల్ పుణ్యానే. కౌన్సెలర్ అనే బిరుదు ధరించిన అమ్మకందారు, "సార్, మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది, స్కాలర్‌షిప్ ఈ రాత్రి పన్నెండింటి వరకే, ఏడు సీట్లే మిగిలాయి" అని ఎంతో ఆప్యాయంగా చెబుతాడు. గోడలూ బెంచీలూ లేని తరగతిలో సీట్లు ఎలా నిండుతాయని అతణ్ణి ఎదురడిగేవారు అరుదు. ఆ పాఠం ముందే వంటబట్టినవాడు ఫోన్ పెట్టేస్తాడు కనుక, సైబర్ భద్రతలో మాస్టర్స్ చేసే భాగ్యం అందులో తప్పినవారికే ఎక్కువగా దక్కుతుందన్నది ఈ ఏర్పాటులోని అపూర్వమైన ప్రవేశ నిబంధన.

ఆ ఫోన్‌లో తరువాత వినిపించేది ఒక అంకె. ప్రపంచంలో 48 లక్షల సైబర్ భద్రతా ఉద్యోగాలు మనుషుల కోసం ఎదురుచూస్తున్నాయన్న ఆ మాటకు మూలం ఐఎస్‌సీ2 అనే సంస్థ 2024లో ప్రచురించిన అధ్యయనం. ఆ అధ్యయనం లెక్కించినవి ప్రకటన వెలువడిన ఖాళీలు కావు. సంస్థలు తమను తాము సరిగా కాపాడుకోవాలంటే ఎందరు కావాలో, ప్రస్తుతం ఎందరున్నారో అంచనా కట్టి, ఆ రెంటి మధ్య తేడాను అది కొరత అని పేర్కొన్నది. కావలసినవారికీ, జీతమిచ్చి పెట్టుకొనేవారికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ప్రభుత్వ బడుల్లో ఉపాధ్యాయ పోస్టుల చరిత్ర ఎరిగిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ రంగంలో పనిచేస్తున్నవారు సుమారు 55 లక్షల మంది అనీ, ఏడాదిలో ఆ సంఖ్య పెరిగింది 0.1 శాతమేననీ, కొరతకు ప్రధాన కారణం నిపుణులు దొరకకపోవడం కాక బడ్జెట్ లేకపోవడమని సర్వేలో పాల్గొన్నవారు మొట్టమొదటిసారిగా చెప్పారనీ అదే నివేదిక తెలియజేసింది గాని, ఆ పేజీలు బ్రోచర్ల దాకా ప్రయాణించలేదు. పైగా ఐఎస్‌సీ2 ఈ రంగంలో పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ. గొడుగులమ్మేవాడు చెప్పిన వాన కబురు అబద్ధమే కానక్కరలేదు గాని, అది విన్నాక ఒకసారి తలెత్తి ఆకాశం చూడడంలో నష్టమేమీ లేదు.

ఆ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లలో అన్నిటికన్నా పేరున్నది సీఐఎస్ఎస్‌పీ. భద్రతా ఉద్యోగ ప్రకటనల్లో తరచు కనిపించే అర్హత అదే. అది పొందాలంటే పరీక్ష గట్టెక్కడంతో పాటు అయిదేళ్ల ఉద్యోగానుభవం చూపాలి. సంబంధిత శాస్త్రంలో డిగ్రీ ఉంటే ఒక ఏడాది మినహాయింపు లభిస్తుంది. ఆ మినహాయింపు బ్యాచిలర్స్ డిగ్రీకైనా, మాస్టర్స్ డిగ్రీకైనా, రెండూ కలిపి చూపినా ఒక్క ఏడాదే. అంటే కంప్యూటర్ సైన్సులో బీటెక్ చదివి, ఆ ఏడాదిని ఎప్పుడో సంపాదించుకొన్న ఉద్యోగి, రెండేళ్లపాటు శనాదివారాలు ధారపోసి, లక్షల రూపాయల ఫీజు వాయిదాల్లో కట్టి మాస్టర్స్ పూర్తి చేసినట్లయితే, ఈ లెక్కలో అతనికి అదనంగా జమయ్యేది సున్నా. ఈ కూడిక బ్రోచరులో ఎక్కడా ఉండదు. బహుశా గణితం ఐచ్ఛికాంశం కావడం వల్ల కాబోలు.

ఇంతకూ ఆ ఫీజు ఎవరికి చేరుతుందన్నది మరింత ఆసక్తికరమైన విషయం. విశ్వవిద్యాలయం పేరు అద్దెకు తీసుకొని, ప్రచారం, ఫోన్ కాల్స్, వీడియోలు, విద్యార్థుల సేకరణ అంతా తామే నడిపే కంపెనీలను అమెరికాలో ఆన్‌లైన్ ప్రోగ్రామ్ మేనేజర్లు అంటారు. కొన్ని ఒప్పందాల్లో విద్యార్థి కట్టిన ఫీజులో సగానికి పైగా వీరికే ముట్టేది. వీటిలో ప్రసిద్ధి పొందిన టూయూ అనే కంపెనీ, హార్వర్డ్, ఎంఐటీలు కలిసి నెలకొల్పిన ఎడెక్స్‌ను 2021లో 80 కోట్ల డాలర్లకు కొని, 2024 జులైలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. నష్టభయాన్ని ముందుగా అంచనా వేయడం సైబర్ భద్రతలో ప్రధానాంశం. భారతదేశంలో యూజీసీ ఇలాంటి ఫ్రాంచైజీ ఒప్పందాలు చెల్లవని హెచ్చరించినందువల్ల ఇక్కడి కంపెనీలు తమను టెక్నాలజీ భాగస్వాములమని పరిచయం చేసుకొంటున్నాయి. ఫోన్ చేసే గొంతు మాత్రం మారలేదు.

అమెరికా చదువంటే తెలుగు ఇళ్లలో చదువుకన్నా వీసా ముందు గుర్తుకొస్తుంది కనుక ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి: విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాపై ఉన్నవారికి ఒక సెమిస్టరులో ఒకే ఒక్క ఆన్‌లైన్ కోర్సు లెక్కలోకి వస్తుంది గనుక, పూర్తి ఆన్‌లైన్ డిగ్రీతో విమానమెక్కే యోగం లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడి, ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అక్కడి విద్యార్థుల్లో కొందరు కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించుకొని తిరగవలసి వచ్చిన నాటి నుంచి ఇలాంటి వీసా నిబంధనల సంగతి తెలుగువారికి బాగానే తెలుసు. అయినా "గ్లోబల్ ఎక్స్‌పోజర్" అన్న మాట బ్రోచరులో కనబడగానే ఆ తెలివి ఎటో పోతుంది.

ఈ విద్యావిధానం తన విశ్వరూపం చూపేది పరీక్ష రోజున. విద్యార్థి ఇంట్లోనే కూర్చొని రాసే పరీక్షను కెమెరా ద్వారా కాపలా కాసే ఏర్పాటును ప్రాక్టరింగ్ అంటారు. ఒక మనిషికైనా, ప్రోగ్రాముకైనా పని జరగడానికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు అన్న కనిష్ఠాధికార సూత్రాన్ని వివరించమని ప్రశ్నపత్రం అడుగుతుంది. ఆ ప్రశ్న చూడాలంటే విద్యార్థి ముందుగా ఎవరో రాసిన ఒక సాఫ్ట్‌వేరును తన కంప్యూటరులోకి దించుకొని, కెమెరా, మైకు, తెర మూడింటినీ దానికి అప్పగించి, తాను తెరిచే ప్రతి వెబ్‌సైటులోని సమాచారాన్నీ చదవడానికీ మార్చడానికీ అనుమతిస్తూ "సమ్మతమే" అన్న మీట నొక్కాలి. సాఫ్ట్‌వేరు మొరాయిస్తే యాంటీవైరస్‌ను కాసేపు ఆపమని సహాయకేంద్రం సలహా ఇస్తుంది. ఆ తరువాత ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి పట్టుకొని గది నాలుగు మూలలకూ, బల్ల కిందికీ, మంచం మీద ఆరబెట్టిన బట్టలకూ హారతి పట్టినట్లు తిప్పి చూపి, చెవుల్లో ఏమీ లేవని జుట్టు తొలగించి రుజువు చేసి, అప్పుడు కూర్చొని వ్యక్తిగత గోప్యత ఎందుకు పవిత్రమైనదో పది మార్కులకు వ్యాసం రాయాలి. ఇలా గదిని కెమెరాతో గాలించడం అక్రమ సోదాల నుంచి పౌరుణ్ణి కాపాడే అమెరికా రాజ్యాంగ నాలుగవ సవరణకు విరుద్ధమని, క్లీవ్‌ల్యాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు వేసిన దావాలో ఒహాయో ఫెడరల్ కోర్టు 2022 ఆగస్టులో తీర్పు చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు, ప్రాక్టర్‌యూ అనే కాపలా కంపెనీ నుంచే 4 లక్షల 40 వేలకు పైగా వినియోగదారుల వివరాలు బయటికి పొక్కాయి. కంచే చేను మేయడాన్ని ఇంత సోదాహరణంగా నేర్పే ప్రయోగశాల మరొకటి దొరకడం కష్టం; దానికి విడిగా క్రెడిట్లు ఇవ్వకపోవడమే అన్యాయం.

పట్టా లేకపోవడమే ప్రమాదానికి మూలమన్న నమ్మకం ఈ వ్యాపారానికంతటికీ పునాది. 2017లో ఈక్విఫ్యాక్స్ అనే అమెరికన్ రుణచరిత్ర కంపెనీ నుంచి 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు దొంగల పాలైనప్పుడు, అక్కడి భద్రతాధికారిణి చదివినది సంగీత రచన అని కనిపెట్టిన లోకం పగలబడి నవ్వి, నిందితురాలు దొరికిందని తృప్తి పడింది. జరిగినదేమిటో తరువాతి విచారణల్లో తేలింది. ఆ కంపెనీ వాడిన అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేరులోని లోపానికి సవరణ మార్చి 7ననే విడుదలైంది. ఒక సర్వరులో ఎవరూ దాన్ని వేయలేదు. మే నెలలో దొంగలు ఆ కన్నం గుండానే వచ్చారు. బయటికి పోయే రహస్య సమాచారాన్ని విప్పి చూడవలసిన తనిఖీ పరికరంలో డిజిటల్ సర్టిఫికెట్ గడువు దాటి 19 నెలలు కావడంతో, అది ఉన్నచోటే ఉండి దేన్నీ చూడలేదు. జులై చివరలో ఆ సర్టిఫికెట్‌ను పునరుద్ధరించిన వెంటనే దొంగతనం కంటపడింది. పట్టాలమ్మేవారు అర్ధరాత్రి గడువుల పేరుతో అంత అలజడి చేస్తుంటే, ఈ కంపెనీ తన ఇంట్లో గడిచిపోయిన గడువును ఏడాదిన్నర పైగా చూడలేదన్న మాట. క్యాలెండరు చూసి పాత సర్టిఫికెట్ మార్చడానికి సంగీతమూ అడ్డు కాదు, మాస్టర్స్ డిగ్రీ తోడూ కాదు. ఆ పని ఎవరిదో తేల్చి, అందుకు మనిషినీ జీతాన్నీ కేటాయించవలసిన యాజమాన్యం ఏ పట్టా తీసుకొన్నదని మాత్రం ఎవరూ అడగలేదు. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా తరలిపోయిన ఉదంతంలోనూ పోలీసులు తేల్చినది ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిళ్లు, కనీస రక్షణ ఏర్పాట్ల లోపం. రిజర్వు బ్యాంకు ఆ తరువాతి ఏడాది 65 లక్షల జరిమానా విధించింది.

అన్ని ఆన్‌లైన్ డిగ్రీలూ ఒకే గాటన కట్టదగినవి కావు. జార్జియా టెక్ 2019 జనవరిలో ప్రారంభించిన ఆన్‌లైన్ సైబర్ భద్రతా మాస్టర్స్ మొత్తం ఫీజు అప్పట్లో పదివేల డాలర్ల లోపే. ఇప్పటికే ఈ రంగంలో ఉండి, గుప్తలిపి గణితాన్నో, నెట్‌వర్క్ నిర్మాణాన్నో మూలం నుంచి నేర్చుకోదలచినవారికి అటువంటి చదువు ఉపయోగమే. అంత చౌక సరుకులో కమిషన్‌కు చోటు తక్కువ కనుక కౌన్సెలర్ నోట ఆ పేరు వినిపించదు. అతడు అమ్మే కోర్సులో వారానికొక చర్చాంశంపై 250 పదాలు రాసి, ఇద్దరు సహవిద్యార్థులకు "చక్కటి విశ్లేషణ" అని సమాధానమివ్వాలన్న నియమం ఉంటుంది. ఇప్పుడు ఆ విశ్లేషణనూ, ఆ ప్రశంసనూ కూడా చాట్‌జీపీటీయే రాస్తున్నందున విద్యార్థులకు కొంత తీరిక చిక్కుతోంది.

దాడికి ముందు లక్ష్యం గురించి బహిరంగంగా దొరికే వివరాలను ఏరుకోవడాన్ని నిఘా దశ అంటారని మూడవ సెమిస్టరులో చెబుతారు. నాలుగవది ముగిసిన రోజున పట్టభద్రుడు లింక్డిన్‌లో తన పూర్తి పేరు, సర్టిఫికెట్ సంఖ్య, క్యూఆర్ కోడ్, కంపెనీ పేరు, తాను కాపలా కాసే ఫైర్‌వాల్ ఏ కంపెనీదో, ఏ వెర్షనో అన్నీ వివరించి, మెడలో ఆఫీసు గుర్తింపు కార్డు వేలాడుతున్న ఫోటో జతచేసి, సైబర్ భద్రతలో మాస్టర్స్ పూర్తయిందని గర్వంగా ప్రకటిస్తాడు. కార్డు మీది బార్‌కోడ్ స్పష్టంగా కనబడేటట్లు ఫోటో తీసింది ఎవరో గాని, కెమెరా మంచిదే.