అద్దంలో కీపర్

నన్ను గోడకెక్కించిన రోజే మా ఓనరు ఒక పొరపాటు చేశాడు. సెలూన్‌లో టీవీ ఎక్కడుండాలి? కుర్చీలో కూర్చున్నవాడి ఎదురుగా, అద్దం పైన. కానీ అక్కడ అప్పటికే వెంకటేశ్వరస్వామి పటం ఉంది. పటం తీయడానికి ఆయనకు మనసొప్పలేదు. దాంతో నన్ను వెనక గోడకు, తలుపు పక్క మూలన, ఇనప స్టాండు కొట్టి కూర్చోబెట్టాడు. ఆ పొరపాటే నాకు కలిసొచ్చింది. మామూలు టీవీ జీవితమంతా ఎదుటివాళ్ల మొహాలు చూస్తూ బతుకుతుంది, తన తెర మీద ఏముందో దానికి తెలియదు. నాకు మాత్రం ఎదురుగా గోడంత అద్దం. నా బొమ్మను నేనే చూసుకున్నాను. కాకపోతే కుడిఎడమలు తిరగబడి.

1996 ఫిబ్రవరిలో, ప్రపంచకప్పు మొదలయ్యే ముందు, వాయిదాల మీద కొన్న 21 అంగుళాల రంగుల పెట్టెను నేను. నా ముక్కు మీద కంపెనీ పేరులో రెండక్షరాలు ఎప్పుడో రాలిపోయాయి, మిగిలినవాటితో పేరు కుదరదు. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర ఒక గల్లీలో షాపు. ఓనరుది నల్లగొండ వైపు. కుర్చీలు రెండు, బెంచీ ఒకటి, నీళ్లు కొట్టే సీసా, పటిక ముక్క. కుర్చీలో కూర్చునేవాళ్లలో సగం మంది కోచింగులకొచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు. నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, కర్నూలు, అన్ని యాసలూ మా షాపులోనే రాలేవి, జుట్టుతోపాటు.

అద్దంలో క్రికెట్ వేరే ఆట. సచిన్ ఎడమచేతి వాటం, గంగూలీ కుడిచేతి వాటం. స్కోరు 18 ఉంటే కొత్తగా వచ్చినవాడు 81 అనుకుని కేకేసేవాడు. బెంచీ మీద పక్కకు తిరిగి నన్ను నేరుగా చూసేవాడు వాడి పరువు తీసేవాడు. ఇంతమందిని తారుమారు చేసిన ఆ అద్దం కీపర్ జోలికి మాత్రం పోలేకపోయింది. బౌలర్ వెనకనుంచి చూపించినప్పుడు కీపర్ దాదాపు తెర నడిమధ్య ఉంటాడు. నడుమ ఉన్నవాణ్ణి ఎటు తిప్పినా నడుమే. అందుకే కాబోలు, నా చూపు ముందునుంచీ అతని మీదే ఉండేది.

నా చూపే గానీ ఇంకెవరి చూపూ ఉండేది కాదు. ఇది నేను మొహాలు చూసి కనిపెట్టిన సంగతి. ఫోర్ కొడితే కనుబొమలు లేస్తాయి, వికెట్ పడితే బెంచీ లేస్తుంది. కీపర్ బంతిని శుభ్రంగా అందుకుంటే మాత్రం ఒక్క రెప్ప కూడా కదలదు. రోజుకు 90 ఓవర్లంటే 540 బంతులు. ప్రతి బంతికీ వాడు కూర్చుని లేవాలి, తనదాకా వస్తుందనే అనుకోవాలి. 539 సరిగా పట్టి ఒక్కటి జారవిడిస్తే అప్పుడు అందరికీ గుర్తొస్తాడు. కుర్చీలో మనిషి ఎగిరిపడతాడు, బ్లేడు గీసుకుంటుంది, ఓనరు పటిక ముక్క వెతుక్కుంటాడు. కీపర్ తప్పు చేస్తే నెత్తురు కళ్లజూసిన షాపు మాదే అయ్యుంటుంది.

1999 అక్టోబరు. మొహాలీలో న్యూజిలాండ్‌తో టెస్టు. నయన్ మోంగియా ఉండాల్సిన చోట కొత్త మనిషి.

"గీ కీపరెవరే తమ్మీ?" అన్నాడు ఓనరు, నురగ రాస్తూ.

కుర్చీలో గుంటూరు పిల్లాడు గుడ్డ కింద ఛాతీ విరిచాడు. "మావాడేనన్నా! ఎమ్మెస్కే ప్రసాద్. మేడికొండూరు, మా గుంటూరు పక్కనే."

"మంచిగ పడ్తడా?"

"పట్టకపోతే నాకే కదన్నా గాటు పడేది!"

మన్నవ శ్రీకాంత్ ప్రసాద్. ముందటేడు మే నెలలో అదే మొహాలీలో బంగ్లాదేశ్ మీద తొలి వన్డే ఆడాడు. ఇప్పుడు టెస్టు టోపీ. తర్వాత ఆస్ట్రేలియా యాత్ర, అడిలైడ్, మెల్‌బోర్న్, సిడ్నీ. అక్కడి ఆట మనకు తెల్లవారకముందే మొదలవుతుంది. ఓనరు చీకట్లోనే షట్టరు సగం ఎత్తి నన్ను వెలిగించేవాడు. పాలప్యాకెట్లవాళ్లు, తొలి బస్సు దిగినవాళ్లు వంగి లోపలికొచ్చి నిలబడి చూసేవారు. మూడు టెస్టులూ ఓడిపోయాం. సిడ్నీలో మాత్రం మన లక్ష్మణ్ 167 కొట్టాడు, జట్టంతా కలిపి చేసిన 261లో. అద్దంలో ఎడంచేత్తో కొట్టినట్టున్నా ఆ మణికట్టు సొగసు పోలేదు. ఆ ఉదయం షాపంతా లక్ష్మణ్ నామస్మరణే. అదే ప్రసాద్‌కు ఆఖరి టెస్టని మాలో ఎవరికీ తెలియదు. ఆరు టెస్టులు, 106 పరుగులు, 17 వన్డేలు. లెక్క అక్కడితో ఆగిపోయింది.

ఆ తర్వాత నాలుగైదేళ్లు నా తెర నడిమధ్య చోటు అద్దెకొంపలా మారింది. సబా కరీం వచ్చాడు. 2000లో ఢాకాలో కుంబ్లే వేసిన బంతి కంటికి తగిలి అతని ఆటే దెబ్బతింది. సమీర్ దిఘే, దీప్ దాస్‌గుప్తా, అజయ్ రాత్రా, పదిహేడేళ్ల పార్థివ్ పటేల్. ఒకరి పేరు ఓనరు నోటికి అలవాటయ్యేలోపు ఇంకొకరు. 2004 డిసెంబరులో జులపాల జుట్టువాడొకడు దిగాడు. కొన్నాళ్లకు మా షాపుకొచ్చిన పిల్లలందరూ జుట్టు కత్తిరించొద్దు, సవరించమన్నారు. ధోనీ వల్ల మా ఓనరుకు ఎంత నష్టమో ఎవరూ లెక్క కట్టలేదు.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం. ఆ ఒక్కరోజు నా తెర మీద మా వీధి కనిపించింది. కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర పేలుళ్లు. బోర్డుల మీద అక్షరాలు అద్దంలో తిరగబడి ఉన్నాయి, అయినా అందరూ చదివేశారు. ఓనరు నన్ను ఆపేశాడు. చాలా రోజులు ఆ కుర్చీల్లో గట్టిగా మాట్లాడినవాళ్లు లేరు.

ఆ ఏడే సెట్‌టాప్ బాక్సు వచ్చి నా నెత్తినెక్కింది. పసుపు, ఎరుపు, తెలుపు తీగలు నా వీపుకు గుచ్చారు. ఆపైన మెట్రో స్తంభాలు లేచాయి, అద్దె పెరిగింది, షాపు ఎల్‌బీ నగర్‌కు మారింది. ఆటోలో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఓనరు కొడుకు. కొత్త షాపులోనైనా అద్దం పైన పెడతారేమో అనుకున్నాను. స్వామివారు నాకంటే ముందే చేరుకున్నారు. మళ్లీ వెనక గోడే. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్‌బీ నగర్ దాకా వచ్చింది, ఉప్పల్లో మ్యాచుంటే టికెట్లు దొరికిన పిల్లలు మా దగ్గర గడ్డం గీయించుకుని పోయేవారు. ఆ డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు మొదలైంది. నా స్పీకరులో క్రికెట్ రోజంతా తెలుగులో మోగడం అలవాటైంది అప్పటినుంచే.

ప్రసాద్ అప్పటికి వేరే కుర్చీలో ఉన్నాడు. ఆటయ్యాక ఆంధ్ర క్రికెట్ వ్యవహారాలు చూశాడు, 2016లో జాతీయ సెలెక్టర్లకు అధ్యక్షుడయ్యాడు. ఆరోజు నుంచి మా షాపులో "వాడు" పోయి "ఆయన" అయ్యాడు. 2019 ప్రపంచకప్పు జట్టు ప్రకటించాక మళ్లీ "వాడు" అయ్యాడు. అంబటి రాయుడికి చోటు దక్కలేదు. విజయ్ శంకర్ బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడూ చేస్తాడు కాబట్టి మూడు కోణాల ఆటగాడని ప్రసాద్ వివరించాడు. మర్నాడు రాయుడు, ప్రపంచకప్పు చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు కొత్తవి తెప్పించుకున్నానని ట్వీట్ కొట్టాడు. వారం రోజులు మా షాపులో అదే పంచాయితీ. 55 వన్డేల్లో 47 సగటున్నవాణ్ణి పక్కన పెట్టింది ఆరు టెస్టులాడినవాడా అని ఒకరు అరిచారు. ఓనరు కత్తెర ఆపాడు. "ఆరాడినా అరవై ఆడినా, ఎనక కూసున్నోడికి కనిపించింది ముందటోడికి కనిపిస్తదా?" అన్నాడు. రాయుడిని తీయడం నాకూ నచ్చలేదు. కానీ టీవీని, నన్నడిగేవాళ్లెవరు?

2020 మార్చిలో ప్రసాద్ పదవీకాలం ముగిసింది. అదే నెలలో మా షట్టరూ పడింది, లాక్‌డౌన్. చీకట్లో అద్దానికి చూపించడానికి నా దగ్గరేమీ లేదు, నాకు చూపించడానికి అద్దం దగ్గరా ఏమీ లేదు.

సెప్టెంబరులో ఐపీఎల్ దుబాయి వైపు వెళ్లింది. ఆ సీజను తెలుగు వ్యాఖ్యాతల్లో ప్రసాద్ ఉన్నాడు. మొదటి మ్యాచ్‌లోనే చెన్నై తరఫున రాయుడు 71 కొట్టి గెలిపించడం ఏ రచయితా రాయని మలుపు. ఇంకొన్నేళ్లకు ఆట మానేసిన రాయుడు కూడా తెలుగు మైకు పట్టుకున్నాడు. తీసేసినవాడూ తీయబడ్డవాడూ నా ఒక్క స్పీకరులోంచే వినిపించారు. మా ఓనరు మొదట్లో ప్రసాద్ గొంతు పోల్చుకోలేదు. ఏదో ఓవర్లో, బ్యాటర్ ముందు కాలు ఎక్కడ పడుతుందో, అలా పడితే బంతి ఎటు పోతుందో ఆ గొంతు ముందే చెప్పింది. అలాగే పోయింది. "ఈడు ఎనకనుంచి చూసినోడే" అన్నాడు ఓనరు, పేరు తెలియకుండానే.

నాకు అర్థమైంది అప్పుడే. అద్దం బొమ్మను తిప్పుతుంది గానీ మాటను తిప్పలేదు. ఇరవయ్యేళ్ల కిందట కుడిఎడమలు తారుమారై కనిపించిన మనిషి ఇప్పుడు చెవికి తిన్నగా చేరాడు.

కీపర్లు మైకు దగ్గరికి చేరడం కొత్తేం కాదు. 1983 ప్రపంచకప్పు ఫైనల్ రోజు బీబీసీ రేడియోలో ఫరోఖ్ ఇంజనీర్ ఉన్నాడు. ఇయాన్ హీలీ, గిల్‌క్రిస్ట్, దినేశ్ కార్తీక్, దీప్ దాస్‌గుప్తా, అందరిదీ అదే దారి. కెనడాలో చదివి సెలవులకొచ్చిన ఒక పాత హాస్టలు పిల్లాడు గడ్డం సవరించుకుంటూ అక్కడి మంచు హాకీ కథ చెప్పాడు. కెల్లీ హ్రూడీ అని ఒక గోలీ, అంటే గోల్‌కీపర్. 1987లో ఒకే ఒక్క మ్యాచ్‌లో 73 షాట్లు ఆపాడు. ఆట తేలక నాలుగు అదనపు పీరియడ్లు నడిచి, అర్ధరాత్రి దాటాక ముగిసింది. 1998లో రిటైరై 'హాకీ నైట్ ఇన్ కెనడా'లో కూర్చుని ఏళ్లకేళ్లు విశ్లేషణ చెప్పాడు. "అక్కడా అంతే అన్నా, గోల్ ముందు నిలబడ్డోడు రింకు మొత్తం చూస్తాడు" అన్నాడు. ఓనరుకు రింకంటే ఏమిటో తెలియలేదు. "నోరు ఊకోదు గావచ్చు" అన్నాడు. అదీ నిజమే. వికెట్ల దగ్గరి మైకులోంచి నాకు పాతికేళ్లుగా అందరికంటే ఎక్కువ వినిపించింది కీపర్ గొంతే. జనం దాన్ని చప్పుడనుకున్నారు.

2024 వేసవి మొదట్లో నా బొమ్మ పోయింది. ఫట్‌మని, పైనుంచీ కిందనుంచీ ముడుచుకుని, నడుమ ఒక తెల్ల గీత మిగిలింది. మెకానిక్కు వెనక మూత విప్పి దుమ్ము ఊదాడు.

"వర్టికల్ ఐసీ పోయిందన్నా. పార్టు దొరకదు. ఎల్‌ఈడీ తీస్కో."

"సౌండొస్తుంది గద?"

"సౌండుకేమైతది, వస్తది."

"అట్లనే ఉంచు."

కొడుకు ఒప్పుకోలేదు. నెల తిరక్కుండా ఎల్‌ఈడీ తెస్తానన్నాడు, ఇంకా తేలేదు. మార్చి 27 రాత్రి ఉప్పల్లో సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టింది. మాకు నాలుగైదు మైళ్ల దూరంలో. నా తెర మీద ఒక్క బంతీ కనపడలేదు. అద్దంలో చూసినా అదే గీత, నడిమధ్యన. కుర్చీలో కొత్త కుర్రాడు మెడ వెనక్కి వంచి, అద్దంలో ఆ గీతనే చూస్తూ అడిగాడు.

"బౌలింగెవరన్నా?"

ఓనరు బ్లేడు గాల్లోనే ఆపాడు.

"కదలకు తమ్మీ. ఇప్పుడు చెప్తడు."