అంతా తెలుసనుకుని ఘనా వెళ్ళాను

నాకో పాత జబ్బుంది. మీకూ కొంచెం ఉండే ఉంటుంది, కాబట్టి మొహమాటం లేకుండా చెప్పేస్తాను. ఏ కొత్త ఊళ్ళో దిగినా "ఇదంతా మాకు తెలిసిందేలే" అనేయాలని నాలుక దురద. వీపుకి సంచి తగిలించుకుని ఘనా వెళ్ళినప్పుడు అది ముదిరి పాకాన పడింది. యూరప్ కుర్రాళ్ళు అక్రా ఎండకీ రద్దీకీ బెంబేలెత్తిపోతుంటే, నేను మాత్రం షేర్ ఆటోల్లో వేలాడి పెరిగినవాణ్ణి, చేత్తో తినేవాణ్ణి, ఇక్కడ నాకు నేర్పేవాడెవడని ఛాతీ విరుచుకుని తిరిగాను.

కనేషీ స్టాండులో కేప్ కోస్ట్ వెళ్ళే ట్రోట్రో ఎక్కాను. ట్రోట్రో అంటే మన షేర్ ఆటోకి పెద్దన్నయ్య, ఓ పాత వ్యాను. టైమూ గియిమూ ఉండదు, సీట్లు నిండితే కదులుతుంది. నడవలో కూడా మడత సీట్లే. వెనకాల మనిషి దిగాలంటే అడ్డున్నవాళ్ళంతా లేవాల్సిందే. కండక్టర్ని 'మేట్' అంటారు. డబ్బు చేతులు మారుతూ అతని దగ్గరికి వెళ్తుంది, చిల్లర అదే దారిన తిరిగొస్తుంది. ఎవరూ విసుక్కోరు. నేను కుడిచేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ, ఎడమచేత్తో నోటు పక్కావిడకి అందించాను. ఆవిడ తీసుకోలేదు. నోటుకేసి చూసింది, నాకేసి చూసింది. మేట్ చూశాడు, వెనక సీటాయన చూశాడు, నేను కంగారులో ఫోన్ ఒళ్ళో పడేస్తే అది జారి సీటు కిందికి పోయింది, దానికోసం వంగితే ఎవరి మోకాలో తగిలింది, చివరికి కుడిచేత్తో నోటిచ్చేసరికి ఒళ్ళంతా చెమట.

ఎడమచేత్తో ఇవ్వకూడదని చిన్నప్పుడు మా అమ్మ నా చేతిమీద కొట్టిన దెబ్బలకి లెక్కలేదు. అంటే తెలియక చేసింది కాదండీ. మనింట్లో పాటించే మర్యాద వాళ్ళకీ ఉంటుందన్న ఊహే నాకు రాలేదు. పక్కావిడ మాత్రం నోటు ముందుకి పంపించి, నా చిల్లర కూడా తనే అడిగి ఇప్పించింది.

కేప్ కోస్ట్‌లో చేసింది నవ్వుతూ చెప్పలేను. సముద్రం ఒడ్డున సున్నం వేసిన తెల్లటి కోట. అట్లాంటిక్ దాటించే ముందు బానిసల్ని దాని నేలమాళిగల్లో కుక్కేవాళ్ళు. గాలీ వెలుతురూ సరిగా రాని మగవాళ్ళ చెరగది, సరిగ్గా దాని నెత్తిమీద ఇంగ్లీషువాళ్ళ ప్రార్థనా మందిరం. ఓడలవైపు తెరుచుకునే ఆఖరి గుమ్మం పేరు 'తిరిగిరాని ద్వారం'. గుమ్మం దాటితే ఇప్పుడు రంగురంగుల చేపల పడవలు, వలలు బాగుచేసుకునే జాలర్లు. ఆ వైపునుంచి చూస్తే అదే గుమ్మం మీద 'తిరిగొచ్చే ద్వారం' అని రాసుంటుంది. 1998లో అమెరికా నుంచీ జమైకా నుంచీ ఇద్దరు బానిసల అస్థికల్ని తీసుకొచ్చి, ఆ గుమ్మంలోంచే లోపలికి రప్పించారు.

ఇదంతా గైడు చెబుతుంటే నేను వింటున్నానా? లేదు. గుమ్మంలోంచి సముద్రం పడేలా ఫొటో కావాలి నాకు. అక్కడ అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి పెద్దావిడ గోడమీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటికీ కదలదు. గైడు ముందుకెళ్ళిపోతున్నాడు, వెలుతురు తగ్గిపోతోంది, నా ఓపిక అయిపోయింది, కాస్త పక్కకి జరుగుతారా అని అడిగేశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని జరిగింది. జరిగి, నాకు సారీ చెప్పింది.

ఆవిడ నాకు సారీ చెప్పింది! ఆ రాత్రి ఫొటోకి లైకులు లెక్కపెట్టుకుని మురిసిపోయాను కూడా. సిగ్గు బాగా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం ఇంకా పోలేదు.

కుమాసీలో ఓ చాప్ బార్‌కి వెళ్ళాను. మన మెస్సుల్లాంటివే అవి. పెరట్లో ఉడికిన కర్రపెండలం, అరటికాయ కలిపి కొయ్య రోట్లో దంచుతున్నారు. ఒకతను నిలబడి పొడవాటి రోకలి వేస్తున్నాడు. ఒకావిడ కూర్చుని, దెబ్బకీ దెబ్బకీ మధ్య చెయ్యి పెట్టి ముద్దని తిప్పుతోంది. ఒక్క క్షణం తేడా వస్తే వేళ్ళు పోతాయి. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. నున్నటి ఆ ముద్దే ఫుఫు. మేకమాంసం సూపులో వేసి, చేతులు కడుక్కోవడానికి గిన్నెలో నీళ్ళతో సహా తెచ్చిపెట్టింది హోటలావిడ. చేత్తో తినడం నాకు చెప్పాలా! ముద్ద తీసి నోట్లో పెట్టుకుని నమిలాను. నములుతూనే ఉన్నాను. పళ్ళకి అంటుకుంటోంది, సూపేమో మిరపకాయతో మండిపోతోంది, పక్క బల్లలవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. హోటలావిడ వచ్చి గొంతు మీద వేలితో కిందికి గీసి చూపించింది. నమలకూడదట, మింగాలట.

ఆవిడే కూర్చుని, ఏ వారం పుట్టావని అడిగింది. అకాన్‌వాళ్ళు పిల్లలకి పుట్టిన వారాన్నిబట్టి పేరు పెడతారు. 1957లో ఘనాకి స్వాతంత్ర్యం తెచ్చిన ఎన్‌క్రుమా శనివారం క్వామే, కోఫీ అన్నన్ శుక్రవారం కోఫీ. నాదేవారం? అన్నీ తెలిసిన నాకు అదొక్కటీ తెలియదు. అమ్మకి ఫోన్ చేశాను. వారమేం ఖర్మ, తిథీ నక్షత్రంతో సహా చెప్పింది.

"గురువారం," అన్నాను హోటలావిడతో.

"అయితే యావ్," అని పేరు పెట్టేసి, గిన్నెలో ఇంకో గరిటె సూపు పోసింది. ఈసారి మింగాను.