పేరు పెట్టుడు పండుగ

మా దిక్కు పిల్ల పుడితే ఇరవైయొక్క రోజులకు తొట్టెల కట్టి పేరు పెడతారు. ఆ పేరుతోనే ఆ పిల్ల బడికి పోతుంది, పెళ్లి చేసుకుంటుంది, రేషన్ కార్డుకెక్కుతుంది. అంగన్‌వాడీ రాత వేరు. 1975 అక్టోబర్ 2న పుట్టిన ఈ బిడ్డను యాభై ఏళ్లు నిండినా ఇంకా తొట్టెలోంచి దించలేదు. వచ్చిన ప్రతి సర్కారూ ఒకసారి తొట్టె ఊపి, చెవిలో కొత్త పేరు చెప్పి, ఫొటో దిగి పోతున్నది.

జాతకం పేరు సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం. నోరు తిరగక ఐసీడీఎస్ అన్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ‘ఇందిరమ్మ అమృత హస్తం’ వచ్చింది. 2015 జనవరి 1న తెలంగాణలో ‘ఆరోగ్య లక్ష్మి’ వచ్చింది. గర్భిణికి ఒక పూట అన్నం, పప్పు, గుడ్డు, పాలు అప్పుడూ ఇవే, తర్వాతా ఇవే. హస్తం పోయి లక్ష్మి వచ్చింది, అంతే. 2021లో ఢిల్లీ వాళ్లు ‘సక్షం అంగన్‌వాడీ, పోషణ్ 2.0’ అన్నారు. 2023లో ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ అన్నారు. కోరుట్లలో నాకు తెలిసిన ఒక ఆయమ్మ ఈ చివరి పేరు విని, “గ్యాస్ పైసలు భీ ఇస్తరా సారూ?” అని అడిగింది. ఆ ‘భీ’ జీవోలో లేదు తల్లీ అన్నాను.

పథకంతో పాటు మనిషికి కూడా నామకరణం అయింది. మన రాష్ట్రంలో కార్యకర్త కాస్తా ‘టీచర్’ అయింది. గోడ మీద టీచరే, పిల్లల నోట టీచరే, మంత్రుల ఉపన్యాసంలో టీచరే. బ్యాంకు పాసుబుక్కులోకి వచ్చేసరికి గౌరవ వేతనం. 2021 నుంచి ఆ గౌరవం విలువ 13,650 రూపాయలు, ఆయమ్మ గౌరవం 7,800. ఇందులో కేంద్రం నిర్ణయించిన మొత్తం 4,500 దగ్గర 2018 అక్టోబర్‌లో ఆగింది. ఆ నెలలో పుట్టిన పిల్ల అంగన్‌వాడీ దాటి బడికి పోతున్నది. 4,500 మాత్రం ఇంకా అదే చాప మీద కూర్చుంది.

గౌరవ వేతనం ఎందుకంటే ఇది స్వచ్ఛంద సేవ అట. సరే అనుకుందాం. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12న ఇదే సేవకురాళ్లు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. జనవరిలో వాళ్ల మీద ఎస్మా పెట్టారు. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. అంటే ఒకటో తారీఖున స్వచ్ఛంద సేవ, సమ్మె నాడు అత్యవసర సేవ. ఒకే ఆడమనిషికి ఒకే నెలలో రెండు పేర్లు పెట్టగల పంతులు సర్కారు కాక ఇంకెవరున్నారు? 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు ఆ గౌరవ వేతనం కూడా వేతనమేనని, వీళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని తేల్చింది. ఆ తీర్పును వినతిపత్రానికి జత చేసి ఎన్ని జిరాక్సులు తీయించారో మా జగిత్యాల జిరాక్సు సెంటర్ల వాళ్లకు తెలుసు.

వినతిపత్రం సంగతి నన్నడగండి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఈ టీచర్లు నాతోనే రాయించేవారు. పైన ‘విషయం’, కింద ‘ఆర్యా’, మధ్యలో ఏడు డిమాండ్లు. సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోతే అధికారి ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుంటాడు. ఆరుగురు మనుషులు ఒక్క కాగితాన్ని నాలుగు మూలలా పట్టుకుని నవ్వుతారు. ఎమ్మెల్యే దగ్గరికి పోతే ‘అసెంబ్లీలో ప్రస్తావిస్తా’ అంటాడు. తెల్లారి జిల్లా పేజీలో ‘సానుకూలంగా స్పందించారు’ అని వస్తుంది. నిజం చెప్పాలంటే ఆ వాక్యం కూడా నాదే. విలేకరికి వార్త పంపాలి కదా అని వినతిపత్రంతో పాటు స్పందన కూడా ముందు రోజు రాత్రే రాసి పెట్టుకునేవాణ్ణి. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పు పోలేదు.

స్వచ్ఛంద సంస్థల వాళ్లకు ప్రజావాణి చిన్నతనం. వాళ్లది హైదరాబాద్ ఏసీ హాలు. పొద్దున పోషకాహార లోపం మీద చర్చ, మధ్యాహ్నం పద్దెనిమిది రకాలతో భోజనం, సాయంత్రం తీర్మానం. వాళ్లలో పని చేసినవాళ్లు లేరని కాదు. 2001లో ఆహార హక్కు కోసం పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వాళ్లు వేసిన పిటిషన్‌లోనే 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న వాడ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని చెప్పింది. కాకపోతే దాని కోసం వాళ్లు కాగితం పట్టుకుని ఫొటో దిగలేదు, కోర్టు మెట్లెక్కారు.

అసలు మడత చట్టం భాషలోనే ఉంది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అందులో ప్రతివాది అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే, 14 ఏళ్లు నిండేదాకా చదువు హక్కు అని సుప్రీంకోర్టు అన్నది. 2002లో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు ఇచ్చింది. ఆరు లోపు వాళ్ల కోసం రాజ్యం ‘ప్రయత్నించాలి’ అని 45వ అధికరణంలో రాసింది. 2009 విద్యాహక్కు చట్టం పదకొండో సెక్షన్ ఇంకో మెట్టు దిగి, ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అన్నది. చేయవచ్చు అంటే చేయకపోనూ వచ్చు. మూడేళ్ల పిల్ల ‘అన్నం పెట్టు’ అంటుంది. ఆ వయసుకు ఇంకా ‘పెట్టవచ్చు’ రాదు.

మా కోరుట్ల, జగిత్యాలలో బీడీలు చుట్టే ఆడవాళ్ల ముచ్చట ఇంకా వింత. బీడీ కార్మికుల కోసం 1966లోనే చట్టం వచ్చింది. ఎక్కువ మంది ఆడవాళ్లు పని చేసే బీడీ కార్ఖానాలో పిల్లలకు ఒక గది ఉండాలని అందులో ఉండేది. యజమానులు తెలివైనవాళ్లు. ఆకు, తంబాకు ఇచ్చి ఇంటికి పంపారు. ఆ చట్టానికి ఇల్లు కార్ఖానా కాలేదు. అందుకే తల్లి ఒళ్లో చాట, చాట పక్కన పిల్ల. ఆ పిల్లకు ముందు కత్తెర చప్పుడు తెలుస్తుంది, తర్వాత అ ఆలు. సిరిసిల్లలో తండ్రి మరమగ్గాల సాంచాల మీద, తల్లి కండెలు చుట్టే పని మీద. అక్కడి పిల్లలు సాంచాల సప్పుడుకే నిద్రపోతారు, కరెంటు పోతే లేచి ఏడుస్తారు. ఆ జిల్లా గంభీరావుపేటలో అంగన్‌వాడీ నుంచి పీజీ దాకా ఒక్క ఆవరణలోనే అని 2023 ఫిబ్రవరి 1న గొప్ప ప్రాంగణం తెరిచారు. బాగుంది, చూడముచ్చటగా ఉంది. జిల్లాకొక చూడముచ్చట కడితే మిగతా అద్దె గదుల అంగన్‌వాడీల వైపు చూడాల్సిన పని తప్పుతుంది.

పేర్లు పెట్టించుకోవడం మాకు కొత్త కాదు లెండి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో కూలీలు, రైతులు జైత్రయాత్ర చేస్తే, అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలకు సర్కారు ‘కల్లోలిత ప్రాంతాలు’ అని నామకరణం చేసింది. కూలి అడిగితే అప్పుడు మాకు దొరికింది పేరే. ఇప్పుడూ అంతే. 2023 ఎన్నికలప్పుడు మన రాష్ట్రంలో అంగన్‌వాడీలకు 18,000 అని ప్రణాళికలో అచ్చేసిన పార్టీయే గెలిచింది. 2025లో కూడా ఆ 18,000 ఏదని ధర్నాలే. ఈలోగా సర్కారు బడుల్లో ‘ప్రీ ప్రైమరీ’ అని ఇంకో తొట్టెల కట్టారు.

మొన్న కోరుట్లలో ఒక అద్దె గది అంగన్‌వాడీకి పోయాను. ఏడాదిన్నర పిల్లను చంకనెత్తుకుని ఒక తల్లి బాలామృతం ప్యాకెట్ కోసం నిలబడింది. ఇప్పుడు ప్యాకెట్ కావాలంటే ఫోన్‌లో ముఖం చూపించాలి. ముఖం కంటే ముందు ఆధార్ ఓటీపీ. ఆధార్‌కు ఉన్న నంబరు భర్తది, భర్త మస్కట్‌లో. రెండున్నర కిలోల పిండి కోసం ఓటీపీ అరేబియా సముద్రం దాటిపోయింది.

“ఫోన్ ఎత్తుతలేడు టీచరమ్మా. పనిల ఉన్నట్టున్నడు.”

“పది నిమిషాలే ఉంటదమ్మా అది.”

“శుక్రారమైతే ఇంట్ల ఉంటడు.”

టీచర్ ఫోన్ పక్కన పెట్టి, పాత రిజిస్టర్ తెరిచి, వేలిముద్ర వేయించుకుని ప్యాకెట్ చేతికిచ్చింది. ఇది రూలుకు విరుద్ధం కాబట్టి ఆ వాడ పేరు చెప్పను.

బయట నిచ్చెన మీద పెయింటర్ బోర్డు గీకుతున్నాడు. నీలం కింద గులాబీ, గులాబీ కింద పచ్చ, దాని కింద తుప్పు. కొత్త పేరు పైభాగంలోనే చిన్న అక్షరాలతో రాసి కిందంతా ఖాళీ వదిలాడు. ఆ జాగా ఎందుకన్నా అంటే కుంచె తుడుచుకుంటూ చెప్పాడు: “మల్లస్తరు గద సార్. ప్రతిసారి గీకాలంటే రెక్కలు గుంజుతున్నయి.”