వాట్లు సరే, వెలుగు సంగతేంటండీ?

ఈ ఫిర్యాదు ఎవరి మీద వేయాలో తేలక చాలాకాలం దాచుకున్నాను. కంపెనీ మీద వేద్దామంటే అన్నీ డబ్బా మీద అచ్చేశాం కదా అంటుంది. కొట్టాయన మీద వేద్దామంటే మీరడిగిందే ఇచ్చానంటాడు. పోనీ సైన్సు మీద వేద్దామా అంటే, నీలం రంగు ఎల్‌ఈడీ సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లోనే నోబెల్ బహుమతి ఇచ్చేశారు. రాయవరం నుంచి నేను అభ్యంతరం చెప్పానని వెనక్కి తీసుకోరు. అంచేత ఎవరి పేరూ పెట్టకుండా, ఎవరికి తగిలితే వారికే అన్న ఉద్దేశంతో ఈ అర్జీ దాఖలు చేసుకుంటున్నాను. విషయం: ఇంట్లోకి ఒక బల్బు కొనుక్కోవడం.

పూర్వం ఈ పనికి బుర్ర అక్కర్లేదు. నలభై, అరవై, వంద. వంటింట్లో నలభై, హాల్లో అరవై, పెళ్లికో పేరంటానికో వాకిట్లో వంద. పడగ్గదికి జీరో బల్బు. ఆ జీరో బల్బు నిజానికి పన్నెండు నుంచి పదిహేను వాట్లు తినేది. పాత చక్రం మీటరు అంత చిన్న మేతని పట్టించుకునేది కాదు గనక సున్నా అనే నమ్మి తెల్లవార్లూ వెలిగించుకున్నాం. కొట్టాయన బల్బుని హోల్డర్లో పెట్టి ఒకసారి వెలిగించి చూపించి మరీ ఇచ్చేవాడు. ఇంటికొచ్చాక అనుమానమొస్తే చెవి దగ్గర పెట్టి ఊపితే చాలు, తీగ తెగిందో లేదో అదే చెప్పేది. ట్యూబులైటు మొరాయిస్తే స్టూలెక్కి స్టార్టరు ఓ తిప్పు తిప్పితే రెండు మూడుసార్లు కొట్టుకుని లేచేది. ఆ పాత బల్బు తిన్న కరెంటులో నూటికి తొంభై పాళ్లు పైనే వేడికి పోయేదని నేనూ చదివాను. ఆ మాటకి నేను ఎదురు చెప్పను. ఇప్పుడు ఎల్‌ఈడీ దండగ అనడమూ నా ఉద్దేశం కాదు. బిల్లు తగ్గింది, ఒప్పుకుంటాను. నా గోడు వేరు.

ఎల్‌ఈడీ మాకు మొదట ఏటి అవతలి వార్తగా వచ్చింది. 2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు జిల్లాల్లో, పాత బల్బులు తెచ్చిస్తే ఇంటికి రెండు చొప్పున, ఒక్కోటి పది రూపాయలకి, 7 వాట్ల ఎల్‌ఈడీలు ఇచ్చారు. శ్రీకాకుళం, గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి. అప్పట్లో మాది తూర్పు గోదావరి. గోదావరికి ఆ ఒడ్డున పది రూపాయల బల్బు వెలుగుతుంటే ఈ ఒడ్డున మేం అరవై బల్బు కింద కూర్చుని పేపర్లో ఆ సంగతి చదువుకున్నాం. 2015 జనవరి 5న, తరవాత ఉజాలా అని పేరుపడ్డ పథకంగా అది దేశమంతా మొదలైంది, మొత్తం మీద 36 కోట్ల పైచిలుకు బల్బులు పంచారు. 2014 మొదట్లో సర్కారు టెండర్లో 310 రూపాయలు పలికిన బల్బు, కొన్నేళ్లకే 38కి దిగింది. ఇంత చవకైన వస్తువుకి ఇన్ని చిక్కులుంటాయని ఎవరనుకుంటారు? 2022లో జిల్లా మారి కోనసీమలోకి వెళ్లాం. హోల్డరు మాత్రం ఆ రెండు పిన్నులదే.

మండపేటలో ఒక కొట్టుకి వెళ్లాను. కౌంటర్ వెనక కుర్రాడు ఫోనులోంచి తలెత్తకుండానే, "తొమ్మిదా పన్నెండా అండీ?" అన్నాడు.

"పాత అరవై బల్బంత వెలుగు రావాలి బాబూ."

"అయితే తొమ్మిది తీసుకోండి. వైటా, వార్మా?"

"ల్యూమెన్లు ఎన్నున్నాయి దీనికి?"

అప్పుడు తలెత్తి చూశాడు. "ఆ కంపెనీ మాకు రాదండీ. మండపేటలో ఎవరూ తేరు."

కుర్రాణ్ణి అనడానికి లేదు. వాట్లంటే బల్బు ఎంత కరెంటు తింటుందో చెప్పే లెక్క. ఎంత వెలుగిస్తుందో చెప్పేది ల్యూమెన్లు. పాత రోజుల్లో బల్బులన్నీ ఒకేలా తినేవి, ఒకేలా వెలిగేవి గనక తిండిని బట్టి వెలుగు లెక్కేసుకున్నాం. పాత అరవై సుమారు 700 ల్యూమెన్లిచ్చేది. ఇప్పుడు ఒక 9 వాట్ల బల్బు 900 ఇస్తే ఇంకోటి 700 దగ్గరే ఆగిపోతుంది, ఖరీదులో తేడా పాతిక రూపాయలుండదు. డబ్బా మీద 9 అన్న అంకె బొటనవేలంత ఉంటుంది. ల్యూమెన్లు మాత్రం అడుగున, బార్‌కోడు పక్కన, చత్వారం వచ్చినవాడు చదవకూడదన్న పట్టుదలతో అచ్చేసి ఉంటాయి. వెలుగు కొనడానికి వెళ్లినవాడు వెలుగు ఎంతో చదవడానికి టార్చిలైటు పట్టుకెళ్లాలన్నమాట.

ఇక రంగు. 2700, 4000, 6500 అని కెల్విన్లు రాస్తారు. అంకె పెరిగేకొద్దీ వెలుగు తెల్లబడి నీలానికి తిరుగుతుంది. కొలిమిలో ఇనుము కూడా ముందు ఎర్రబడి, ఇంకా కాలితే తెల్లబడుతుంది. కెల్విన్ల లెక్క అక్కడిదే. అంటే అన్నిటికన్నా ఎక్కువ కాలినదానికి 'కూల్ డే లైట్' అనీ, తక్కువ కాలినదానికి 'వార్మ్' అనీ పేరు పెట్టి అమ్ముతున్నారు. ఈ తిరకాసు మా నాన్నగారికి విప్పి చెప్పబోతే, "మరి వేసంకాలంలో ఏది వెయ్యాలిరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

మా ఆవిడకి తెల్లది కావాలి, బియ్యంలో రాళ్లు కనబడతాయి. నాన్నగారికి పసుపుది కావాలి, కళ్లు మండవు. రాజీ మార్గంగా మూడు రంగుల బల్బు ఒకటి వచ్చింది. స్విచ్చి ఆపి వేసినప్పుడల్లా తెలుపు, పసుపు, మధ్యరకం అని వంతులవారీగా మారుతుంది. ఎవరికి కావలసింది వాళ్లు వేసుకోవచ్చు, ఇంక గొడవేముంది అనుకున్నాం. కానీ శ్రావణమాసం వానల్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది తన మటుకు తాను ఓ రంగు మారుతుంది. వరలక్ష్మీ వ్రతం నాడు పూజ పసుపు వెలుగులో మొదలై, కథ తెల్ల వెలుగులో నడిచి, హారతి వేళకి మధ్యరకంలో పడింది.

రంగుల్లో ఇంకో మోసం ఉంది, అది కెల్విన్లలో తేలదు. వెలుగు ఎంత తెల్లగా ఉన్నా అందులో ఎరుపు పాలు తక్కువైతే ఎర్రటి వస్తువు చచ్చినట్టు కనబడుతుంది. దీన్ని కొలవడానికి సీఆర్‌ఐ అని వంద మార్కుల లెక్క పెట్టారు. ఎండకి నూటికి నూరు. పాత బల్బుకీ దాదాపు అంతే. మంచి ఎల్‌ఈడీకి తొంభై. చవక బల్బులకి ఎనభై వస్తే గొప్ప, అందులోనూ ఎరుపు పేపరు తప్పుతాయి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. కొత్తావకాయ కంచంలో వేసుకుని చవక తెల్ల బల్బు కింద పెట్టి చూడండి. నూనె తేలిన ఆ ఎరుపు కాస్తా ఇటుకపొడి రంగుకి దిగుతుంది, నోట్లో ఊరాల్సిన నీళ్లు ఊరవు. ద్వారపూడి బట్టల కొట్లలో ఆడవాళ్లు చీరని చేతుల మీద వేసుకుని గుమ్మం బయటికొచ్చి ఎండలో చూసుకుంటారే, అది ఛాదస్తం కాదు. సీఆర్‌ఐ పరీక్ష.

ఈ లెక్కలన్నీ చూసుకుని మరీ బల్బు కొనేవాడు, చికాగోలో మా మేనల్లుడొకడున్నాడు. ఈమధ్య పాత పిన్‌బాల్ మిషను కొన్నాడు. మేకులు కొట్టిన ఏటవాలు చెక్క మీద గోళీ వదిలే ఆట చిన్నప్పుడు ఆడే ఉంటారు. దానికి కరెంటు పెట్టి, పైన గాజు మూత వేసి, ఇనుప గోళీ కిందికి జారిపోకుండా మీటలతో కొట్టి పైకి పంపిస్తుంటే పిన్‌బాల్. న్యూయార్కులో దీన్ని జూదమని 1942లో నిషేధిస్తే, మళ్లీ 1976 దాకా వదల్లేదు. మావాడిది 1992 నాటి 'ఆడమ్స్ ఫ్యామిలీ', ఇరవై వేల పైన అమ్ముడైన రకం. అందులో 6.3 వోల్టుల చిట్టి బల్బులు బోలెడుంటాయి. వాటి వేడికి పైనున్న ప్లాస్టిక్ బిళ్లలు వంకర్లు పోతాయని అన్నిటినీ ఎల్‌ఈడీలకి మారుస్తున్నాడు.

వీడియోకాల్లో ఆ మిషను బొడ్డు విప్పి చూపించాడు. "మామయ్యా, ఎర్ర బిళ్ల కింద ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి. తెల్లది పెడితే గులాబీ రంగులో పాలిపోతుంది. బొమ్మలున్న చోట వార్మ్ వైట్, లేకపోతే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. గోళీ తిరిగే చోట గరుకు మూతది, కళ్లలో గుచ్చుకోకుండా." ఇలా బిళ్ల బిళ్లకీ లెక్క చెప్పుకుంటూ పోయాడు. ముందు ఆ బల్బు దేనిమీద పడుతుందో చూస్తాడు, ఆ తరవాతే బల్బు కొంటాడు. చివర్న, "మీ హాల్లో ఎన్ని కెల్విన్లు మామయ్యా?" అన్నాడు. సిగ్నలు బాలేదని పెట్టేశాను.

సిగ్గుతో కాదు, కోపంతో పెట్టేశాను. ఇనుప గోళీ దొర్లే బల్లకి అంత విచారణ జరుగుతోంది. మనుషులు అన్నాలు తినే చోటికి, పిల్లలు చదువుకునే చోటికి, ముసలాయన మెట్టు దిగే చోటికి మాత్రం "తొమ్మిదా పన్నెండా అండీ".

మావాడి మిషనుకి ఇంకో జబ్బు పట్టుకుంది. ఆరిపోయి ఉండాల్సిన బల్బులు సన్నగా మిణుకుమంటున్నాయట. పాత తీగ బల్బు వేడెక్కడానికి కాస్త సమయం తీసుకునేది గనక దారితప్పి వచ్చిన చిటికెడు కరెంటుకి లొంగేది కాదు. ఎల్‌ఈడీకి ఆ చిటికెడు చాలు. ఆ మాట వినగానే మా వెనక గది గుర్తొచ్చింది. అక్కడా ఇదే వరస. స్విచ్చి ఆపేశాక చీకట్లో పావుగంట చూసినా బల్బు లోపల మసక వెలుగు ఉండనే ఉంటుంది. ఆ గదిలో ఎవరో తిరుగుతున్నారని మా పిన్ని అక్కడ పడుకోవడం మానేసింది.

ఎలక్ట్రీషియను వచ్చాడు. స్విచ్చి ఆపించి, బల్బు తీయించి, హోల్డరులో టెస్టరు పెట్టాడు. టెస్టరు పిడిలో ఎర్రటి చుక్క వెలిగింది. "ఎవరో న్యూట్రల్ మీద స్విచ్చిచ్చారండీ. ఫేజు తిన్నగా హోల్డరుకే వస్తోంది" అన్నాడు తాపీగా. స్విచ్చి ఆపితే వెలుగు ఆగుతోంది గానీ కరెంటు అక్కడే కాచుకుని ఉంది. ఇల్లు కట్టిన నాటి నుంచీ, స్విచ్చి ఆపేశాం కదా అని ధీమాగా స్టూలెక్కి బల్బు మార్చిన ప్రతిసారీ మా చెయ్యి ఫేజు పక్కనే ఉందన్నమాట. పాత బల్బు ఈ సంగతి ఎన్నడూ పైకి చెప్పలేదు. ఎల్‌ఈడీ చెప్పింది, కాకపోతే దెయ్యం భాషలో. చిన్న ఇండికేటరు లైటున్న స్విచ్చిల వల్ల కూడా ఇలా మిణుకుమంటుంది, దానివల్ల ప్రమాదమేం లేదు. ఏది ఏదో టెస్టరు పెడితేనే తేలుతుంది.

వరండా సంగతి చెప్పకపోతే ఈ అర్జీ చెల్లదు. మాకు చుట్టూ వరి. తొలకరికి ఉసిళ్లు, సార్వా పొట్ట మీదున్నప్పుడు పచ్చదోమ. పురుగుల కంటికి నీలం పాలున్న వెలుగంటే మోజు, అది 6500 బల్బులో పుష్కలం. పసుపు బల్బుకి అసలు రావని కాదు, తక్కువ వస్తాయి. ఎదురింటాయన వాకిట్లో 20 వాట్ల తెల్ల ట్యూబు పెట్టించాక మా వాటా పురుగుల్లో సగం రోడ్డు దాటి అటు వెళ్లిపోయాయి. ఆయనకి నేనేమీ చెప్పలేదు. చెప్పను కూడా.

చివరిగా ఆయుష్షు. డబ్బా మీద 25,000 గంటలంటారు. రోజుకి ఆరు గంటలేసుకుంటే పదకొండేళ్లు దాటుతుంది. గ్యారంటీ మాత్రం ఏడాదో రెండేళ్లో. అంత నమ్మకం ఉంటే పదకొండేళ్లకీ రాసివ్వొచ్చుగా? అసలు పోయేది ఎల్‌ఈడీ కాదట, దాని మెడలో ఇరికించిన సర్క్యూట్లో కెపాసిటరు. వేడికి అదే ముందు పోతుంది. ఆ బల్బుని అందం కోసం మూసిన గాజు బుడ్డిలో పెట్టామంటే ఆయుష్షు మనమే కోసినట్టు. కొట్లో కుర్రాడు బల్బు మెడ మీద మార్కరుతో తారీఖు రాసిచ్చాడు. గ్యారంటీ కాగితం అదే. బల్బు గ్యారంటీ గడువు లోపలే పోయింది గానీ ఆ వేడికి రాత ముందే చెరిగిపోయింది.

కనుక బల్బుల కంపెనీలవారికి మనవి: ల్యూమెన్ల అంకెని వాట్ల అంకె అంత చెయ్యండి, పక్కన సీఆర్‌ఐ వెయ్యండి, ఒక్క ముక్క తెలుగులో రాయండి. డబ్బా మీద సినిమా నటుడి మొహం కాస్త తగ్గిస్తే చోటు సరిపోతుంది. చదివేవారికి మనవి: ఈసారి కొట్టుకెళ్లినప్పుడు బల్బు వెలిగించమని ఫోను కెమెరా దాని మీద పెట్టండి. తెర మీద నల్ల చారలు కదిలితే ఆ బల్బు సెకనుకి వందసార్లు కొట్టుకుంటోందని లెక్క, తిరిగిచ్చేయండి. వరండాకి పసుపుది తీసుకోండి. స్విచ్చి ఆపినా మిణుకుమంటుంటే మాత్రం ఇంకో బల్బు కొనకండి, ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి టెస్టరు పెట్టించండి.