ఒక అల్యూమినియం దోనె ఆత్మకథ

అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ పడమటి ఒడ్డున, పైన్ చెట్ల మధ్య ఒక చెక్క క్యాబిన్ ఉంది. దాని ముందు రెండు దుంగల మీద బోర్లించి ఉండేదే ఈ దోనె. 17 అడుగుల పొడవు, అల్యూమినియం ఒళ్లు, వెన్ను పొడవునా వరసగా రివెట్లు. అక్కడివాళ్లు కెనూ అంటారు. తన కథ తానే చెప్పుకుంటున్నా దీనికి ‘నేను’ అనడం అలవాటు కాలేదు. ఇద్దరు ఎక్కి చెరో తెడ్డు పడితేనే హాయిగా సాగే పడవ ఇది. దీని కథలో ఎక్కువ భాగం ఎక్కినవాళ్లదే.

పుట్టింది మాత్రం యుద్ధ విమానాల వంశంలో. రెండో ప్రపంచ యుద్ధంలో 12,000కు పైగా హెల్‌క్యాట్ విమానాలు తయారుచేసిన గ్రమ్మన్ కంపెనీలో విలియం హాఫ్‌మన్ అనే ఉన్నతాధికారి ఉండేవాడు. 1944లో ఆయన అడిరాండాక్ అడవుల్లోకి వెళ్లాడు. కర్రకు కాన్వాస్ గుడ్డ తొడిగిన పాతకాలపు దోనెను ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు మోయలేక మోశాడు. విమానానికి వాడే రేకుతోనే దోనె చేస్తే ఈ బరువు తగ్గదా అన్న ఆలోచన ఆ మోతలోనే పుట్టింది. యుద్ధం ముగిసిన 1945లోనే తయారీ మొదలైంది. అల్యూమినియం రేకును అచ్చు మీద సాగదీసి ఎడమ సగం, కుడి సగం విడివిడిగా తీస్తారు. రెండింటినీ మధ్యలో కలిపి రివెట్లు కొడతారు. రెండు కొసల్లోనూ తేలిక నురగ దిమ్మలు కూరుస్తారు. అందుకే నిండా నీళ్లు పట్టినా ఈ దోనె అడుగుకు పోదు.

1952లో తయారీ మారథాన్ అనే చిన్న ఊరికి మారింది. ఈ దోనె అక్కడిదే. 1969లో మనుషుల్ని చంద్రుడి మీద దించిన ‘ఈగిల్’ను కట్టింది కూడా అదే కంపెనీ. ఆ సంగతి తలచుకుంటే ఈ పాత రేకుకు ఇప్పటికీ గర్వమే.

ఇక సరస్సు. పొడవు 32 మైళ్లు, అంటే 51 కిలోమీటర్లు. చుట్టూ కొండలు, మధ్యలో చెల్లాచెదురుగా దీవులు. 1646లో ఇసాక్ జోగ్ అనే ఫ్రెంచి జెస్యూట్ గురువు మోహాక్ తెగవారి దగ్గరకు శాంతి మాటలకు వెళ్తూ ఇక్కడికి చేరాడు. మర్నాడు దివ్య సత్ప్రసాద పండుగ కావడంతో దీనికి పవిత్ర సత్ప్రసాద సరస్సు అని పేరు పెట్టాడు. అదే ఏడాది శరత్కాలంలో మోహాక్‌ల ఊళ్లోనే ఆయన హతుడయ్యాడు. 1755లో విలియం జాన్సన్ అనే బ్రిటిష్ సేనాని వచ్చి రాజు రెండో జార్జ్ పేరు తగిలించాడు. ఈ నీటికి, ప్రార్థనకు ఉన్న చుట్టరికం ఈనాటిది కాదని చెప్పడానికే ఇదంతా.

క్రైస్తవ సంఘాలు పట్నం వదిలి సరస్సు ఒడ్డుకు రావడానికీ పెద్ద చరిత్రే ఉంది. ఇదే రాష్ట్రపు పడమటి కొసన షటాక్వా సరస్సు దగ్గర 1874లో జాన్ విన్సెంట్ అనే మెథడిస్టు పాస్టరు, లూయిస్ మిల్లర్ అనే పారిశ్రామికవేత్త కలిసి సండే స్కూలు టీచర్లకు వేసవి శిబిరం పెట్టారు. 1886లో మసాచుసెట్స్‌లోని మౌంట్ హెర్మన్‌లో డి.ఎల్. మూడీ నడిపిన వేసవి సభకు సుమారు 250 మంది కాలేజీ విద్యార్థులు వచ్చారు. వాళ్లలో వంద మంది విదేశాల్లో సేవకు పేర్లిచ్చారు. అక్కడ రాజుకున్న విద్యార్థి ఉద్యమం నుంచే షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు 1896లో వైఎంసీఏ పనివాడిగా భారతదేశం వచ్చాడు. ఆయనకు తమిళనాట వేదనాయగం శామ్యూల్ అజరయ్య ప్రాణస్నేహితుడయ్యాడు. ఆ అజరయ్య 1909లో తెలుగునేలకు, దోర్నకల్‌కు సేవకుడిగా వెళ్లాడు. 1912లో దోర్నకల్ బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. సెలవుల్లో చెట్ల కింద కూర్చున్న కుర్రాళ్ల మాటలు దోర్నకల్ దాకా వచ్చాయంటే, ఇలాంటి శిబిరాలను ఎవరూ కాలక్షేపం కింద కొట్టెయ్యలేరు.

లేక్ జార్జ్ మీదే సిల్వర్ బే అనే చోట వైఎంసీఏ శిబిరం నూరేళ్లు దాటి నడుస్తోంది. అది పెద్ద వ్యవహారం. ఈ దోనె ఉన్న క్యాబిన్‌కు వచ్చేవి చిన్న సంఘాలు. ఆ మధ్య న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు సంఘం వచ్చింది.

శుక్రవారం రాత్రి, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం చేసి దిగారు. కార్లలోంచి రైస్ కుక్కర్లు, పులిహోర డబ్బాలు, ఆవకాయ జాడీ, గిటారు, పిల్లల దుప్పట్లు దిగాయి. ఒకాయన ఇంటి దగ్గర నరికిన కట్టెలు తెద్దామనుకుని మానేశాడట. మంచి పని చేశాడు. వేడితో శుద్ధి చెయ్యని వేరే రాష్ట్రపు కట్టెలు న్యూయార్క్‌లోకి తేకూడదు. లోపల దాగిన పురుగులు ఇక్కడి యాష్ చెట్లను తినేస్తాయి. కట్టెలు దగ్గరి దుకాణంలో కొన్నారు.

శనివారం ఉదయం ఒడ్డునే వాక్యధ్యానం. పాస్టర్ గారు ముప్పావు గంటలో ముగించి, మధ్యాహ్నమంతా ఖాళీ వదిలారు. ఆ ఒక్క నిర్ణయానికే ఆయనకు ఈ దోనె వందనాలు. టిఫిన్ నుంచి నిద్ర దాకా ప్రసంగాలతో నింపేసిన రిట్రీట్లను ఇది చాలా చూసింది. అలాంటివాళ్లు ఆదివారం చర్చిలో వరసగా ఎలా కూర్చుంటారో ఇక్కడా అలాగే కూర్చుని, ఒకరి గురించి ఒకరికి కొత్తగా ఏమీ తెలియకుండానే వెళ్లిపోతారు. మనుషులు కలవాలంటే కలిసి చెయ్యడానికి ఒక పని ఉండాలి. గిన్నెలు తోమడమైనా సరే, తెడ్డు వెయ్యడమైనా సరే.

ఆ మధ్యాహ్నం ఒక తండ్రి, హైస్కూలు చదివే కూతురు ఈ దోనె ఎక్కారు. పిల్ల ముందు, తండ్రి వెనక. ముందున్నవాళ్లు ఊపు ఇవ్వాలి, వెనకున్నవాళ్లు దారి పట్టాలి. ఇద్దరూ ఒకే వైపు తెడ్డు వేసేసరికి ముక్కు పక్కకు తిరిగిపోయింది.

“నువ్వు ఎడమవైపు వెయ్యి తల్లీ, నేను కుడివైపు వేస్తాను.”

“ఎడమ అంటే లెఫ్టేనా డాడీ?”

“లెఫ్టేనమ్మా.”

కాసేపటికి లయ కుదిరింది. రెండు తెడ్లూ ఒకేసారి నీళ్లలో దిగడం మొదలైంది. దోనెలో ముందున్నవాళ్లకు వెనకున్నవాళ్ల ముఖం కనపడదు. ఎదురుబొదురు కూర్చుంటే గొంతు దాటని మాటలు అప్పుడు బయటికొస్తాయి. తాను బందరు కాలవలో ఈత నేర్చుకున్న సంగతి, తన తండ్రి ఊళ్లో సండే స్కూలు నడిపిన సంగతి, లాంతరు పట్టుకుని పల్లెల్లో కీర్తనలు పాడిన సంగతి ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఆ పిల్ల ఇవేవీ ఎప్పుడూ వినలేదు. “తాతయ్య పాడినవాటిలో నీకు ఏది ఇష్టం?” అని వెనక్కి తిరగబోయింది. దోనె ఊగింది. “తిరక్కమ్మా, పాడతాను, విను” అన్నాడు తండ్రి. గాలికి కొన్ని మాటలు పోయినా రాగం పోలేదు. దూరాన లూన్ పక్షి ఒకటి కూస్తుంటే ఇద్దరూ తెడ్లు ఆపి విన్నారు.

రాత్రి నెగడు చుట్టూ సాక్ష్యాలు చెప్పుకున్నారు. ఉద్యోగం పోయిన ఒకాయన ఆ మాట మొదటిసారి బయటపెట్టాడు. వాళ్ల ఇంటికి ఎవరెవరు ఎప్పుడు వెళ్లాలో అక్కడికక్కడే అనుకున్నారు. తరవాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసినవి కూడా అందులో ఉన్నాయి. తెలుగు చదవడం రాని పిల్లలు ఫోన్లలో ఇంగ్లీషు లిపి చూస్తూ పాడారు. పెద్దలు ఉచ్చారణ సరిదిద్దబోతే ఒక అమ్మమ్మగారు ఆపారు, “పాడనివ్వండి, నోటికొస్తే అదే కుదురుతుంది” అని. ఆవిడ మాటే సరైనదని ఈ దోనె అభిప్రాయం.

ఆదివారం ప్రభువు బల్ల అయ్యాక బయల్దేరే ముందు, అందరూ కలిసి ఈ దోనెను కడిగి, ఎత్తి, దుంగల మీద బోర్లించారు. 34 కిలోలు ఉంటుంది. పిల్లలూ చెయ్యి వేశారు.

వచ్చేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎండ చూసి ఈ నీటిని నమ్మకండి. మే నెలలో ఒంటికి చెమట పడుతున్నా సరస్సు మంచులా చల్లగా ఉంటుంది. పడినవాళ్లకు ఊపిరి అందదు, ఎంత ఈత వచ్చినా చేతులు త్వరగా మొద్దుబారతాయి. పడవ ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది మునిగే పోతున్నారనీ, అలా మునిగినవాళ్లలో నూటికి 80కి పైగా లైఫ్ జాకెట్ లేనివాళ్లేననీ అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కలు ఏటేటా చెబుతున్నాయి. న్యూయార్క్ చట్టం ప్రకారం ఇలాంటి దోనెలో 12 ఏళ్లలోపు పిల్లలు ఎప్పుడైనా జాకెట్ వేసుకోవాల్సిందే. నవంబర్ 1 నుంచి మే 1 దాకా పెద్దలూ వేసుకోవాల్సిందే. మిగతా నెలల్లో చట్టం అడగకపోయినా మీరు వేసుకోండి. దోనె తిరగబడితే ఈదుకుంటూ ఒడ్డుకు బయల్దేరకండి, దోనెనే పట్టుకుని ఉండండి. సంఘ పెద్దలారా, రిట్రీట్ సామాన్ల చిట్టాలో బియ్యం కంటే ముందు, వచ్చే ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ రాసుకోండి.