బొంగులో తొందర

ఉపన్యాసం ఇవ్వాలన్న దురద గట్టిగా ఉన్నవాడు అరకు రైలెక్కకూడదు. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయంటారు. అరకు లోపు తగిలేవి ఎన్నో నేను లెక్కపెట్టలేదు గానీ, తగిలినవన్నీ సరిగ్గా నా మాట దగ్గరే తగిలాయి.

ఉపన్యాసానికి కారణం మా మేనల్లుడి కొడుకు. ఎనిమిదేళ్లవాడు. డాలస్ నుంచి వచ్చి వారం రోజులైంది. ఆ వారంలో వాడు తిండి గురించి పలికిన మాట ఒకటే, నగెట్స్. ఇడ్లీ పెడితే తిప్పి తిప్పి చూసి, వేలితో నొక్కి, దిండుని పలకరించినట్టు పలకరించి వదిలేశాడు. మా ఆవిడ వాదనలు పెట్టుకునే మనిషి కాదు. ఆ ఇడ్లీలనే ముక్కలు కోసి, కారప్పొడి చల్లి, నూనెలో వేయించి, "నగెట్స్ నాన్నా" అంది. పదకొండు తిన్నాడు. అలా గెలవడం నాకు ఓటమిలా అనిపించింది. వాణ్ని కొండలకి తీసుకెళ్లి, అసలైన తిండి అంటే ఏమిటో చూపించి, దారిలో వాళ్ల నాన్నకి అమెరికా గురించి నాలుగు మాటలు చెబుదామని బయల్దేరాను. అమెరికా నేను చూడలేదు. ఎరిక్ ష్లాసర్ 2001లో రాసిన 'ఫాస్ట్ ఫుడ్ నేషన్' మాత్రం చదివాను. చూసినవాడికంటే చదివినవాడికే ధైర్యం ఎక్కువ.

"1948లో కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో అనే ఊళ్లో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు ఏం చేశారంటే..."

సొరంగం. పెట్టెలో పిల్లలంతా "ఓ...ఓ..." అని అరిచారు. పిల్లల వెనకాల దాక్కుని పెద్దవాళ్లూ అరిచారు.

"బాగా నడుస్తున్న హోటల్ని మూసేసి..."

ఇంకో సొరంగం. ఈసారి మా ఆవిడ కూడా అరిచింది.

సొరంగాలు లేని చోట చెబుతున్నాను కాబట్టి మీరైనా పూర్తిగా వినండి. అన్నదమ్ములు డిక్, మాక్. లాభాలొస్తున్న హోటల్ని కొన్నాళ్లు మూసి, పాతిక రకాలున్న పట్టికని తొమ్మిదికి దించారు. కార్ల దగ్గరికి ట్రేలు మోసే అమ్మాయిల్ని మాన్పించారు. పళ్లేలు, ఫోర్కులు, చాకులు తీసి పారేశారు. కడిగే పని లేకుండా అంతా కాగితంలో చుట్టి ఇవ్వడమే. టెన్నిస్ కోర్టు మీద సుద్దముక్కతో వంటిల్లు గీసి, ఎవడెక్కడ నిలబడాలో, ఎన్ని అడుగులు వెయ్యాలో పనివాళ్లని నడిపించి చూసుకున్నారు. ఒకడు మాంసం కాలుస్తాడు, ఒకడు రొట్టెలో పెడతాడు, ఒకడు చుడతాడు. వంటవాడు పోయాడు, వంటిల్లు కార్ఖానా అయింది. హాంబర్గర్ పదిహేను సెంట్లు. మిల్క్‌షేక్ యంత్రాలు అమ్ముకునే రే క్రాక్ 1954లో అది చూశాడు. మరుసటి ఏడాదికి తన శాఖ తెరిచాడు. 1961కి అన్నదమ్ముల దగ్గర 27 లక్షల డాలర్లకి మొత్తం కొనేశాడు. పేరు మాత్రం వాళ్లదే ఉంచాడు. ఇల్లరికపు అల్లుడి తెలివి.

"అమెరికాలో ఏ రోజు చూసినా పెద్దవాళ్లలో నూటికి 36 మందికి పైగా ఆ ఫాస్ట్ ఫుడ్డే తినేవారట్రా. 2013 నుంచి 2016 దాకా వాళ్ల ప్రభుత్వమే తీసిన లెక్క" అన్నాను, కాస్త వెలుగు దొరకగానే.

మా మేనల్లుడు కిటికీలోంచి చూపు తిప్పకుండా అన్నాడు. "మావయ్యా, ఆఫీసు నుంచి ఇంటికి గంట. వీడి సాకర్ ఏడింటికి. మధ్యలో అన్నం ఎక్కడ తింటామనుకున్నావు? కార్లోనే. మాకు ఆకలేసి ఆగం, దారిలో ఉంది కాబట్టి ఆగుతాం."

దీనికి సమాధానం ష్లాసర్ పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది. వెతుక్కునేలోపు దేవుడిలా సొరంగం వచ్చింది. నేను కూడా "ఓ..." అన్నాను.

కార్లోకే తిండి అందించే కిటికీ మెక్‌డొనాల్డ్‌కి వచ్చిన తీరు కూడా చిత్రమే. ఆరిజోనాలో సియెరా విస్టా అనే ఊరి పక్క సైనిక స్థావరం. డ్యూటీ బట్టలతో ఉన్న సైనికులు కారు దిగి బజార్లో కనబడకూడదని నిబంధన. అందుకని 1975లో మెక్‌డొనాల్డ్ వాళ్లు గోడకి కిటికీ పెట్టి కార్లోకే అందించారు. నిబంధన సైనికులకి, అలవాటు దేశానికి.

అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, కాఫీ మ్యూజియం అందరూ చూసినట్టే చూశాం. కాఫీ దగ్గర ఒక్క ముక్క. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2017లోనే ప్యారిస్‌లో దాని పేరుతో దుకాణం వెలిసింది. ఇంత చెప్పి రోడ్డు పక్క బడ్డీలో దర్జాగా కాఫీ అడిగితే, అతను ఇన్‌స్టంట్ కాఫీ ప్యాకెట్టు చింపి వేడిపాలలో పొడి కలిపి ఇచ్చాడు. వెనకాల కొండంతా కాఫీ తోటే. ఆ మొక్క నాటాక కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అంతసేపు బల్ల మీద కూర్చునే గిరాకీ ఉండదు కదా.

అసలు కథ బొంగు దగ్గర.

వెదురు కణుపుల మధ్య బోలుగా ఉండే ముక్కే బొంగు. అల్లం వెల్లుల్లి, ఉప్పూ కారం, పసుపు పట్టించిన కోడి ముక్కలు అందులో కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద ఆనిస్తారు. నూనె చుక్క ఉండదు. పచ్చి వెదురులో ఉన్న చెమ్మే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది. తిప్పుతూ ఉండాలి. పచ్చ పోయి గోధుమ, గోధుమ పోయి నలుపు తిరగాలి. ముప్పావుగంట. వెదురంటే గడ్డి జాతి మొక్క అయినా, అడవి చట్టం దృష్టిలో 2017 దాకా అది చెట్టే. ఒక గడ్డిపరక గడ్డిపరకే అని ఒప్పుకోడానికి మనకి అన్నేళ్లు పట్టింది గానీ, అందులో కోడి ఉడకడానికి ముప్పావుగంట ఎక్కువనిపిస్తుంది.

నిప్పుల ముందు నిలబడగానే నాకు జ్ఞానోదయం అయింది. మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు సుద్దముక్క పట్టుకుని తంటాలు పడి కనిపెట్టినదంతా ఈ పొయ్యి దగ్గర ఎప్పట్నుంచో ఉంది! పట్టికలో ఒకటే రకం. తోమే గిన్నె లేదు, వండిన బొంగే చీల్చి పారేస్తారు. పళ్లెం లేదు, అడ్డాకు. ఫోర్కు లేదు, వేళ్లు. ఒకావిడ కూరుతుంది, ఒక కుర్రాడు తిప్పుతాడు, ఒకాయన చీలుస్తాడు. ఫాస్ట్ ఫుడ్డుకి కావలసిన హంగులన్నీ ఉన్నాయి. ఫాస్టు ఒక్కటే లేదు.

ఆ లోటు మేం తీరుస్తున్నాం, కింద నుంచి వచ్చిన మేం. మా పక్కనే టూరిస్టు బస్సు ఆగింది. గైడు కిందకి దూకి, "అరగంటే! ఫొటోలు, టిఫిను, బాత్రూమ్ అన్నీ అందులోనే!" అని అరిచాడు. నలభై మంది దిగారు. ముప్పావుగంట కోడి, అరగంట బస్సు. ఈ లెక్క ఎలా తెగుతుందో పక్క దుకాణంలో చూశాను. ముందే ముప్పాతిక ఉడికించి గోడకి చేరేసిన బొంగుల్ని ఒక్కొక్కటీ నిప్పు మీద పెట్టి, పొగ రాగానే ఇచ్చేస్తున్నారు. అది కూడా అందనివాళ్లకి రెండు నిమిషాల నూడుల్స్. అరకు సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడ నీళ్లు నూరు డిగ్రీలకి మూడు తక్కువలోనే మరిగిపోతాయి కాబట్టి, న్యాయంగా ఆ రెండు నిమిషాలు కూడా రెండున్నర అవ్వాలి. ఆ అరనిమిషానికి ఒక పెద్దమనిషి గొడవ పెట్టుకున్నాడు.

మా దుకాణం ఆవిడ మాత్రం ముందే ఉడికించి పెట్టే రకం కాదు. అందుకే ఖాళీగా ఉంది.

"ఎంతసేపమ్మా?"

"కాలాలి గదా బాబూ."

ఐదు నిమిషాలాగి, "అయిందా?" అన్నాను. "అవుతాది." ఇంకో ఐదుకి మళ్లీ అడిగాను. ఆవిడ ఈసారి నావైపు చూడకుండా, తిప్పే కుర్రాడితో ఏదో అంది. వాడు నవ్వాడు. వాళ్ల మాట నాకు రాకపోయినా, నా గురించే అని తెలిసింది.

ఇక్కడివాళ్లకి తిండి దగ్గర ఆగడం ఒక పండగ. మాటవరసకి అనడం కాదు, నిజంగానే పండగ. చెట్టు నిండా మామిడికాయలున్నా మామిడికొత్త చేసి దేవతకి పెట్టందే కాయ కొరకరు. కొర్రలకి కొర్రకొత్త. కళ్లముందు పంట ఊగుతుంటే వారాలకి వారాలు నోరు కట్టుకునే మనుషుల ముందు నిలబడి నేను పది నిమిషాల్లో మూడుసార్లు వాచీ చూసుకున్నాను.

డాలస్ పిల్లాడు మాత్రం ఒక్కసారి కూడా "అయిందా" అనలేదు. వాడు నిప్పుల దగ్గర గొంతుక్కూర్చుని, కుర్రాడి చేతిలో కర్ర అడిగి తీసుకుని, బొంగులు తిప్పుతున్నాడు. ఇద్దరికీ మధ్య భాష లేదు. మసి ఉంది. సరిపోయింది.

ఇంతలో మా టాక్సీ డ్రైవరు వచ్చాడు. "ఘాట్ రోడ్డు బాబూ, చీకటి పడితే మంచు. ఇప్పుడే దిగిపోవాలి."

"పార్సెల్ కట్టెయ్యమ్మా" అన్నాను.

ఆవిడ బొంగు వంక చూసింది, నా వంక చూసింది. "ఇంకా పావుగంట..." అంది. "మధ్యలో ఆ వేడికే మగ్గిపోతుంది, ఫర్వాలేదు" అన్నాను. పొద్దున్న రైల్లో పార్సెల్ సంస్కృతి మీద నేనేమన్నానో మా మేనల్లుడు గుర్తుచెయ్యలేదు. మర్యాదస్తుడు.

మంచుకి భయపడిన డ్రైవరు అనంతగిరిలో టీకి ఆగి, స్నేహితుడితో నలభై నిమిషాలు మాట్లాడాడు. నా ఒళ్లో బొంగు క్రమంగా చల్లారింది.

విశాఖ చేరేసరికి రాత్రి తొమ్మిది. అప్పుడు తెలిసింది, బొంగు కొనడం వేరు, తెరవడం వేరని. కత్తిపీట జారింది. కూరగాయల చాకు వంగింది. సుత్తితో కొడితే కింది ఫ్లోరు వాళ్లు ఫోన్ చేశారు. చివరికి వాచ్‌మన్‌ని పిలిచాం. పాడేరు వైపు మనిషి. బొంగు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఒక పక్కన ఇంకా పచ్చగా మిగిలిన చోట గోటితో గీరాడు.

"ఎవరు బాబూ దింపేమన్నారు?"

నేను దిక్కులు చూశాను. డాలస్ పిల్లాడు మసిబారిన వేలు చాపి నన్ను చూపించాడు.

ఒక్క దెబ్బకి చీలింది. ముక్కలు పైన పసుపుగా, లోపల గులాబీ రంగులో ఉన్నాయి. వాచ్‌మన్ ఏమీ అనకుండా రెండు చెక్కల్నీ పక్కపక్కన పెట్టి వెళ్లిపోయాడు. అందరం కాసేపు దాని చుట్టూ నిలబడ్డాం. మా ఆవిడ ఫ్రిజ్ తెరిచి చూసి మూసింది. ఇడ్లీలు కూడా అయిపోయాయట.

"తాతయ్యా, నగెట్స్ ఆర్డర్ చేద్దామా?" అన్నాడు పిల్లాడు, చాలా మెల్లగా.

మా మేనల్లుడు నావైపు చూసి, ఫోన్ తీశాడు.

"ఎంతసేపట్లో తెస్తారట?" అన్నాను.